పని అలసటతో ఉన్న రాత్రి తేలిగ్గా చూడగలిగే హాలీవుడ్ యాక్షన్ థ్రిల్లర్ ఏదైనా చెప్పగలరా?

వారమంతా పనిచేసి అలసిపోయిన రాత్రి, కథ కోసం బుర్ర బద్దలు కొట్టుకోకుండా, ఇంగ్లీషు అంతగా రాని పెద్దవాళ్లతో కలిసి చూడగలిగే హాలీవుడ్ యాక్షన్ చిత్రం ఏదని మీరు అడిగారు. నేనైతే 1994లో వచ్చిన ‘స్పీడ్’ చూడమంటాను. కియాను రీవ్స్, సాండ్రా బుల్లక్, డెనిస్ హాపర్ నటించిన ఈ చిత్రాన్ని నేను చాలాసార్లు చూశాను. ఇప్పటికీ టీవీలో వస్తుంటే ఛానల్ మార్చబుద్ధి కాదు.

లాస్ ఏంజెలెస్‌లో ఒక సిటీ బస్సుకు దుండగుడు బాంబు అమరుస్తాడు. బస్సు వేగం గంటకు 50 మైళ్లు, అంటే మన లెక్కలో సుమారు 80 కిలోమీటర్లు దాటగానే ఆ బాంబు సిద్ధమవుతుంది, ఆ తరువాత వేగం ఎప్పుడు 50 కంటే తగ్గినా పేలిపోతుంది. ఈ ఒక్క షరతు తెలిస్తే చాలు, ఆపైన వచ్చే ప్రతి మలుపూ, ప్రతి ట్రాఫిక్ జామూ, రోడ్డు దాటుతున్న ప్రతి మనిషీ మనల్ని ఊపిరి బిగబట్టేలా చేస్తారు. ఎవరు ఎవరికి గూఢచారో, ఏ రహస్యం ఎవరి చేతికి చిక్కిందో గుర్తుపెట్టుకోవలసిన పని లేదు. స్పీడోమీటర్ ముల్లు మీద కన్నుంచితే కథంతా అర్థమవుతుంది.

మా మామయ్య ఆర్టీసీలో డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యారు. ఇంగ్లీషు సంభాషణలు ఆయనకు అందవు. బస్సు వేగం తగ్గించకుండానే ఇరుకైన మలుపు తిరగవలసి వచ్చే ఘట్టంలో ఆయన ఉన్నట్టుండి, “జనాన్నంతా ఒక పక్కకు జరగమను, లేకపోతే బండి పల్టీ కొడుతుంది” అన్నారు. తెర మీద హీరో కూడా ప్రయాణికుల చేత సరిగ్గా అదే పని చేయించేసరికి, మామయ్య సోఫా అంచుకు జరిగి కూర్చున్నారు. ఆ తరువాత ఏ సంభాషణకూ అర్థం చెప్పమని నన్ను అడగలేదు.

తేలికైన సినిమా అంటే అశ్రద్ధగా తీసిన సినిమా కాదని నేను గట్టిగా నమ్ముతాను. ‘డై హార్డ్’కు ఛాయాగ్రాహకుడిగా పనిచేసిన యాన్ డి బాంట్‌కు దర్శకుడిగా ఇదే తొలి చిత్రం. పూర్తికాని ఫ్లైఓవర్ మధ్యలోని ఖాళీని బస్సు గెంతి దాటే దృశ్యం కోసం నిజమైన బస్సునే ర్యాంపు మీద నుంచి గాలిలోకి ఎగిరించారు. అక్కడ రోడ్డు నిజానికి పూర్తిగానే ఉంది, ఖాళీని మాత్రం తరువాత కంప్యూటరు సాయంతో సృష్టించారు. అంత బరువైన బస్సు అలా దాటడం సాధ్యమా అనే ప్రశ్న ఆ క్షణంలో మనకు తట్టదు, ఎందుకంటే అప్పటికే మన మనసు ఆ ప్రయాణికులతోపాటు బస్సులో కూర్చుని ఉంటుంది. శబ్ద విభాగాల్లో ఈ చిత్రానికి రెండు ఆస్కార్ అవార్డులు వచ్చాయి కనుక, వీలైతే ఫోనులో కాకుండా మంచి స్పీకర్లున్న టీవీలో చూడండి.

పిల్లలను మాత్రం కూర్చోబెట్టకండి, ఎందుకంటే ఆరంభంలోనే ఒక హత్య ఉంది, బూతు మాటలూ వినిపిస్తాయి. చిత్రం లిఫ్టులో మొదలై, బస్సులో సాగి, మెట్రో రైలులో ముగుస్తుంది. రైలు భాగంలో పట్టు కొంత సడలుతుంది గానీ, అప్పటికే మీరు కోరుకున్న వినోదం మీకు దక్కి ఉంటుంది.

ఇది నచ్చింది కదా అని 1997లో వచ్చిన రెండో భాగాన్ని వెంటనే మొదలుపెట్టవద్దని నా సలహా. అందులో కియాను రీవ్స్ లేరు, బస్సుకు బదులు విహార నౌక ఉంటుంది. వేగం తగ్గితే ప్రాణం పోతుందనే ఆ షరతు లేకపోవడంతో, దర్శకుడు అదే వ్యక్తి అయినా, ఎంత పెద్ద ప్రమాదం చూపించినా నాకు మొదటి భాగంలోని గుండెదడ కలగలేదు.