జీతం తగ్గినా పాఠాలు చెప్తానంటోంది

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. మా అమ్మాయి ఫిజీషియన్ అసిస్టెంట్ (డాక్టర్ పర్యవేక్షణలో రోగుల్ని చూసే సహాయకులు) డిగ్రీ చేసి, ఆరేళ్లుగా విశాఖపట్నంలో గుండె ఆపరేషన్ల విభాగంలో పనిచేస్తోంది. ఇప్పుడు అదే కోర్సు ఉన్న కాలేజీలో ట్యూటర్‌గా చేరతానంటోంది. జీతం తగ్గుతుంది. వద్దని చెప్పాలా?

జవాబు: అయ్యా, వద్దనకండి. అలాగని రేపే రాజీనామా ఇచ్చెయ్యమనీ అనకండి.

ఈ వృత్తి పుట్టిందే అనుభవం ఉన్నవాళ్లతో. 1965లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ తొలి బ్యాచ్‌కి తీసుకున్నది నేవీలో వైద్య సహాయకులుగా చేసి వచ్చిన నలుగురిని. మన దగ్గర 1992లో చెన్నైలో డాక్టర్ కె.ఎం. చెరియన్ మొదలుపెట్టారు. 2021లో వచ్చిన కేంద్ర చట్టం ఈ వృత్తినీ గుర్తించింది. కాబట్టి దారి లేని చోటికేం పోవడం లేదు.

అసలు చూడాల్సింది వేరే. ఆపరేషన్ అయిన పేషెంట్ డ్రెయిన్‌లో (లోపల చేరే రక్తాన్ని బయటికి తీసే గొట్టంలో) రక్తం ఎక్కువ వస్తుంటే మీ అమ్మాయికి చూడగానే తెలిసిపోతుంది. గంటకి ఎంత వస్తోంది, బీపీ ఎలా ఉంది, మూత్రం సరిగ్గా వస్తోందా, సర్జన్‌కి ఫోన్‌లో ముందు ఏ మాట చెప్పాలి: ఇదంతా ఆమె తలలో ఒక్క క్షణంలో జరిగిపోతుంది. పంతొమ్మిదేళ్ల స్టూడెంట్‌కి ఆ క్షణాన్ని విడదీసి చెప్పాలి. వాడు తడబడుతుంటే, పేషెంట్‌కి ప్రమాదం లేనంతవరకు, తన చేయి అడ్డుపెట్టకుండా ఆగాలి. పనిలో చురుకైన వాళ్లకి ఈ ఆగడమే కష్టం. వార్డులో రాణించి క్లాసులో విసుక్కునే వాళ్లని నేను చాలామందినే చూశాను.

ఇంకోటి, ఆరేళ్లూ గుండె ఒక్కటే చూసింది. అక్కడ జనరల్ మెడిసిన్ కూడా చెప్పమంటారు, పుస్తకాలు మళ్లీ తీయక తప్పదు. అయితే మీ ప్రాంతం పిల్ల కావడం ఇక్కడ పనికొస్తుంది. కాళ్లు లాగుతున్నాయని మళ్లీమళ్లీ వచ్చే పిల్లాడిని చూసి సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) సంగతి అడగాలని రాయగడలో పెరిగిన వాళ్లకి తట్టినంత త్వరగా మిగతావాళ్లకి తట్టదు. తెలుగు, ఒడియా రెండింట్లోనూ పేషెంట్‌ని కూర్చోబెట్టి మాట్లాడించగలదు. హిస్టరీ (జబ్బు పూర్వాపరాలు అడిగి తెలుసుకోవడం) తీసుకోవడం నేర్పే టీచర్‌కి అది పెద్ద ఆస్తి.

ముందు ఉద్యోగం వదలకుండానే రుచి చూడమనండి. ఆసుపత్రికి ఇంటర్న్‌లు వస్తుంటే ఒక బ్యాచ్ బాధ్యత అడగొచ్చు, కాలేజీలో నాలుగు గెస్ట్ క్లాసులు చెప్పొచ్చు. లాగ్‌బుక్‌లు దిద్దడం, హాజరు వేయడం, ప్రాక్టికల్ పరీక్షలకి కేసులు సిద్ధం చేయడం కూడా దగ్గరుండి చూడమనండి. ఉద్యోగంలో సగం అదే. పీజీ లేకపోతే ట్యూటర్ దగ్గరే ఆగిపోవచ్చు, ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

పాఠాలు చెప్తే అమెరికా దారి తెరుచుకుంటుందని ఎవరైనా అంటే నమ్మకండి. అక్కడ ఈ పని చేయాలంటే వాళ్ల గుర్తింపు ఉన్న కోర్సు చదివి, వాళ్ల పరీక్ష పాసవ్వాల్సిందే.

కాలేజీవాళ్లతో ఒక్క విషయంలో గట్టిగా ఉండమనండి: వారానికి ఒకటి రెండు రోజులు వార్డులో పనిచేసే వీలు. సరేనంటే ఆ మాట అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో రాయించుకుని, ఆ తర్వాతే సంతకం పెట్టమనండి.