ఫ్రెండ్స్‌తో థీమ్ పార్క్: నేను ఎక్కనంటే తప్పా?

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో సగం ఒకే సంగతి మీద ఉన్నాయి. పరీక్షలు అయిపోయాయి, ఎండలు ముదిరాయి, అందరూ రావిర్యాల దగ్గరి వండర్‌లాకో, రామోజీ ఫిల్మ్ సిటీకో బయల్దేరుతున్నారు. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు తీసుకుంటున్నాను. రైడ్లంటే భయం, ఖర్చు అడగాలంటే సిగ్గు ఉన్న పిల్లలు ప్రతి గుంపులో ఒకరైనా ఉంటారు, వాళ్లు మాత్రం మామూలుగా ఉత్తరం రాయరు.

అక్కా, నేను దేవరకొండలో డిగ్రీ ఫైనలియర్. మేం ఆరుగురం అమ్మాయిలం, వచ్చే బుధవారం వండర్‌లా వెళ్దామని అనుకున్నాం. నాకు రెండు టెన్షన్‌లు. చిన్నప్పుడు చెర్వుగట్టు జాతరలో జెయింట్ వీల్ ఎక్కి, పైకి పోయాక ఏడ్చేశాను. ఆ సంగతి వీళ్లకు తెలుసు, "ఈసారి నిన్ను లాక్కెళ్లి కూర్చోబెడతాం" అని ఇప్పట్నుంచే అంటున్నారు. రెండోది డబ్బు. మా నాన్న ఆటో నడుపుతాడు. టికెట్ వరకు దాచుకున్నాను కానీ మిగతా ఖర్చు ఎంతో తెలియదు, అడగాలంటే సిగ్గు. జ్వరం వచ్చిందని చెప్పి ఆగిపోనా?

జ్వరం అని చెప్పకు చెల్లె. వెళ్లు. కానీ ముందు నాకు జరిగింది ఒకటి చెప్తాను.

నేను కాలేజీలో పాఠాలు చెప్పే రోజుల్లో ఒకసారి పిల్లల్ని ఒక పార్కుకు తీసుకెళ్లాం. ముప్పై మందికి పైగా ఉన్నారు, రోజంతా అరుపులు, నవ్వులు, నేను కూడా వాళ్లతో పాటు తిరిగాను. రెండు రోజుల తర్వాత ఫొటోలన్నీ చూస్తుంటే ఒక అమ్మాయి ఒక్క ఫొటోలో కూడా లేదు. ఏమైందని పిలిచి అడిగితే, లాకర్‌కు డబ్బులు ఎందుకు దండగ అని తొమ్మిది మంది బ్యాగులు తన దగ్గర పెట్టించుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక చెట్టు కింద బెంచీ మీద కూర్చుందట. తిన్నావా అంటే, లోపల రేట్లు చూసి తినలేదంది. ఆ పిల్ల కూడా అందరితో సమానంగా టికెట్ డబ్బులు కట్టింది. పక్కనే తిరుగుతూ నాకు కనబడలేదు. ఇది జరిగి చాలా ఏళ్లయినా నాకు ఆ బెంచీ గుర్తొస్తూనే ఉంటుంది, నీ ఉత్తరం చదివినప్పుడు కూడా మొదట అదే గుర్తొచ్చింది.

అందుకే డబ్బు సంగతి ముందు. ఇలాంటి రోజుల్లో అందరూ టికెట్ ధర ఒక్కటే చెప్పుకుంటారు, మిగతావి గేటు దగ్గరికి పోయాక ఒక్కొక్కటిగా బయటపడతాయి: లాకర్ అద్దె, నీళ్లలో దిగే బట్టలు, తిండి, ఆటో. నువ్వు "నా దగ్గర డబ్బుల్లేవు" అని చెప్పాల్సిన అవసరమే లేదు. గ్రూపులో "మొత్తం ఎంతవుతుందో ఒకసారి రాసుకుందామా" అని ఒక్క మాట పెట్టు. చూడు, ఇంకో ఇద్దరు "అవును, నేనూ అదే అడుగుదామనుకున్నా" అంటారు. నేను చూసినంతలో ఎప్పుడూ అలాగే అయింది.

మీ ఊరి నుంచి దారి ఖర్చు చాలా తక్కువ. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కదా, ఆధార్ కార్డు మర్చిపోకండి చాలు. దేవరకొండ నుంచి హైదరాబాద్ పోయే బస్సు మల్లేపల్లి, మాల్, ఇబ్రహీంపట్నం మీదుగానే వెళ్తుంది. మీరు సిటీలోకి పోనక్కర్లేదు, ఔటర్ రింగ్ రోడ్డు తగిలే బొంగుళూరు గేటు దగ్గర దిగి అక్కడి నుంచి రావిర్యాలకు ఆటో మాట్లాడుకుంటే ఆరుగురికి కలిసి పెద్ద భారం కాదు. లాకర్ ఆరు తీసుకోకండి, రెండు చాలు. బట్టల సంగతి ఇంటి దగ్గరే చూసుకోండి. నీళ్లలోకి నైలాన్ గానీ లైక్రా గానీ ఉన్న స్విమ్మింగ్ డ్రెస్ ఉండాలి, కాటన్ చుడీదార్, జీన్స్, చీర ఒప్పుకోరు. పూర్తి చేతులు, కాళ్ల దాకా ఉండేవి దొరుకుతాయి, నల్లగొండలోనో హైదరాబాద్‌లోనో ముందే కొనుక్కుంటే గేటు దగ్గర కంగారుపడి ఎంత చెబితే అంత పెట్టే పని తప్పుతుంది. బయటి తిండి లోపలికి పోనివ్వరు కాబట్టి పొద్దున ఇంట్లో ఇడ్లీయో ఉప్మాయో తిని బయల్దేరండి, లోపల ఒక్కపూట భోజనం లెక్కలో వేసుకోండి. కాలేజీ ఐడీ కార్డు దగ్గర పెట్టుకోండి, విద్యార్థులకు తగ్గింపు ఉందేమో బుక్ చేసేటప్పుడే చూడండి. బుధవారం ఎంచుకోవడం మంచి పని, శని ఆదివారాల్లో ధరా ఎక్కువే, క్యూలూ ఎక్కువే.

ఇక భయం. నీకు భయం ఎందుకు వేస్తుందో తెలిస్తే కొంత తగ్గుతుంది, అందుకే చెప్తున్నా. రోలర్ కోస్టర్‌ను ఒకసారి పైకి లాగి వదిలేస్తారు, ఆ తర్వాత దానికి ఇంజన్ ఉండదు, ఎంత ఎత్తు నుంచి దిగితే అంత వేగం, ఆ వేగంతోనే మెలికలన్నీ తిరిగొస్తుంది. పైనుంచి కిందికి జారేటప్పుడు సీటు మనల్ని పైకి మోయడం మానేస్తుంది, అప్పుడు కడుపులో ఉన్నవన్నీ కూడా మనతో పాటే పడుతుంటాయి, గుండె జారిపోయినట్టు అనిపించేది అందుకే. శరీరానికి దెబ్బేమీ తగలదు, కానీ మెదడు నిజంగా పడిపోతున్నాననే అనుకుంటుంది. నీది పిరికితనం కాదు, మెదడు దాని పని అది చేస్తోంది.

ఎక్కాలని నీకే అనిపిస్తే చిన్నవాటితో మొదలుపెట్టు, తిన్నగా రీకాయిల్ దగ్గరికి పోకు. అది ముందుకు వెళ్లిన దారినే మళ్లీ వెనక్కి తిప్పి తెచ్చే రైడ్, మొదటిసారి ఎక్కేవాళ్లకు అది సరిపడదు. మధ్య సీటులో కూర్చో, తల వెనక్కి ఆనించి పెట్టు, కళ్లు మూసుకోకుండా ఎదురుగా చూడు. కళ్లు మూసుకుంటే భయం పెరుగుతుందే గానీ తగ్గదు.

ఎక్కాలని లేకపోతే ఎక్కకు. కానీ ఆ మాట బస్సులోనే చెప్పు, రైడ్ దగ్గర కాదు. "నేను వేవ్ పూల్‌కు వస్తా, రెయిన్ డ్యాన్స్‌కు వస్తా, పెద్ద రైడ్లు మాత్రం ఎక్కను, లాక్కెళ్తే నేను రోజంతా మాట్లాడను" అని నవ్వకుండా చెప్పు. ఒకసారి సేఫ్టీ బార్ లాక్ అయ్యాక రైడ్ ఆగేదాకా దిగడానికి ఉండదు. ఏడుస్తున్న మనిషిని అందులో కూర్చోబెట్టడం సరదా ఎలా అవుతుంది? ఈ కాలమ్ చదివే ఆ ఐదుగురికీ అదే చెప్తున్నా. ఆమె బ్యాగులు కాపలా కాయడానికి రావడం లేదు. మీరు రైడ్ ఎక్కినప్పుడు ఆమె కింద ఉంటే, తర్వాతి గంట ఆమెకు నచ్చిన చోట ఆరుగురూ గడపండి. ప్రతి ఫొటోలో ఆరుగురున్నారా అని చూసుకోండి.

మేడం, మాది జడ్చర్ల. మా అమ్మాయి ఇంటర్ అయిపోయింది, ఫ్రెండ్స్‌తో వండర్‌లా పోతానంటోంది. చిన్నప్పుడు ఫిట్స్ వచ్చేవి, మందులు ఆపి రెండేళ్లయింది, ఇప్పుడు బాగానే ఉంది. ఫ్రెండ్స్‌కు చెప్పొద్దంటోంది. పంపొచ్చా?

అమ్మా, పంపాలా వద్దా అనేది ముందు మీ డాక్టర్‌ను అడగండి, ఇది నేను తేల్చే విషయం కాదు. మూర్ఛ, గుండె జబ్బు, మెడ నొప్పి, నడుము నొప్పి ఉన్నవాళ్లు, గర్భిణులు పెద్ద రైడ్లు ఎక్కొద్దని అక్కడ బోర్డుల మీదే రాసి ఉంటుంది. అందరూ రోలర్ కోస్టర్‌కే భయపడతారు గానీ ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉన్నవాళ్లకు నీళ్లు ఇంకా ప్రమాదం. నీళ్లలో ఉన్నప్పుడు ఫిట్ వస్తే పక్కనున్నవాళ్లు ఆట అనుకుంటారు. కాబట్టి డాక్టర్ సరే అన్నా కూడా, కనీసం ఒక్క స్నేహితురాలికైనా ఈ సంగతి తెలిసి ఉండాలి, ఆ అమ్మాయి నీళ్లలో పక్కనే ఉండాలి. చెప్పుకోవడానికి మీ పాప ఎందుకు జంకుతుందో నాకు అర్థమవుతుంది. మన దగ్గర ఇప్పటికీ ఫిట్స్ అంటే పెళ్లి సంబంధాల దాకా ఆలోచిస్తారు. అయినా ఇందులో రాజీ పడకండి, ఎవరికి చెప్పాలో మాత్రం పాపనే ఎంచుకోనివ్వండి.

మీవైపు నుంచి షాద్‌నగర్ దాటి శంషాబాద్ దగ్గర ఔటర్ ఎక్కి, తుక్కుగూడ తర్వాత వచ్చే 13వ ఎగ్జిట్ దగ్గర దిగాలి. పార్కు మూసేసరికి సాయంత్రమవుతుంది, జడ్చర్ల చేరేసరికి చీకటి పడుతుంది, అందుకే పిల్లలందరికీ కలిపి తెలిసిన డ్రైవర్‌తో ఒక బండి మాట్లాడటం మేలు. లోపల ఫోన్లు లాకర్‌లో ఉంటాయి. అరగంటకోసారి ఫోన్ చేసి ఎత్తట్లేదని కంగారుపడకండి, మధ్యాహ్నం రెండింటికి ఒకసారి, బయల్దేరేటప్పుడు ఒకసారి తనే చేయాలని ముందే మాట తీసుకోండి.

అక్కా, మేం మిర్యాలగూడ నుంచి నలుగురం రెండు బైకుల మీద పోదామనుకుంటున్నాం. పోయినసారి గిర్రున తిరిగే రైడ్ దిగగానే వాంతి అయింది, ఫ్రెండ్స్ వీడియో తీసి స్టేటస్ పెట్టారు. ఈసారి అలా కాకుండా ఏం చేయాలి?

తమ్ముడూ, మొదట బైకుల సంగతి. ఔటర్ రింగ్ రోడ్డు మీదికి బైకులను రానివ్వరు, పక్కనున్న సర్వీస్ రోడ్డులోనే పోవాలి. అన్నిటికంటే నాకు భయం తిరుగు ప్రయాణం. రోజంతా ఎండలో, నీళ్లలో అలిసిపోయిన ఒళ్లు, రాత్రిపూట హైవే, పక్కన లారీలు. బస్సులో పోండి. ఇది బతిమాలుతున్నాననుకో.

వాంతి ఎందుకంటే, చెవి లోపల మన బ్యాలెన్స్ చూసే భాగం ఒకటుంది, అది తిరుగుతున్నావని చెబుతుంది, కళ్లు ఇంకోటి చెబుతాయి, రెండిటికీ పొంతన కుదరక కడుపులో తిప్పుతుంది. ఇది మగతనానికి సంబంధించింది కాదు, కొందరి ఒంటి తీరే అంత. బిర్యానీ తిని వెంటనే ఎక్కకు, ఖాళీ కడుపుతోనూ ఎక్కకు. తేలిగ్గా ఏదైనా తిని గంట, గంటన్నర ఆగు. గుండ్రంగా తిరిగేవి ఒకదాని వెంట ఒకటి ఎక్కకుండా మధ్యలో నీడలో కూర్చుని నీళ్లు తాగు. కళ్లు తిరుగుతుంటే కదలని వస్తువు మీద చూపు పెట్టు. ఆ వీడియో మాత్రం తీసేయమని అడుగు. నీకు బాధ కలిగిందని వాళ్లకు తెలియకపోవచ్చు. రైడ్ మీద ఉండగా ఫోన్ బయటికి తీయకండి, చేయి జారితే అది కింద నిలబడ్డవాళ్ల తల మీద పడుతుంది.

అక్కా, సరిగ్గా వెళ్లే రోజుకే పీరియడ్స్ వచ్చేలా ఉన్నాయి. వాయిదా వేసే మాత్ర వేసుకోవచ్చా? (మహబూబ్‌నగర్)

డాక్టర్‌ను అడగకుండా మెడికల్ షాపులో కొని వేసుకోకు. ప్యాడ్ నీళ్లలో పనిచేయదు, నానిపోతుంది. ఆ రోజే వస్తే నీళ్ల జోలికి పోకుండా మిగతా రైడ్లు ఎక్కు, రెండు ప్యాడ్లు, ముదురు రంగు ప్యాంటు ఒకటి బ్యాగులో పెట్టుకో. అమ్మాయిలంతా కలిసి పోతుంటే తేదీయే మార్చమని అడగొచ్చు, ఆ మాట అడగడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

మేం నల్లగొండలో నలుగురం స్నేహితురాళ్లం, అందరికీ నలభై ఐదు దాటాయి. ఈ వయసులో పార్కులేంటని ఇంట్లో అంటున్నారు. మోకాళ్ల నొప్పులు కూడా ఉన్నాయి. ఎక్కడికి పోతే బాగుంటుంది?

తప్పకుండా పోండి. ఇరవై ఏళ్లుగా పిల్లల పరీక్షల చుట్టూ, వంటింటి చుట్టూ తిరిగిన మీకు ఒక్క రోజు కావాలంటే ఎవరి అనుమతీ అక్కర్లేదు. సినిమా సెట్లు చూడాలని ఉంటే రామోజీ ఫిల్మ్ సిటీ మీకు సిటీ కంటే ముందే వస్తుంది. నార్కట్‌పల్లి, చౌటుప్పల్ దాటాక విజయవాడ హైవే మీదే అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర దిగాలి. 1996లో మొదలైన ఈ స్టూడియో ప్రపంచంలోకెల్లా పెద్దదని గిన్నిస్ రికార్డుల్లో ఉంది. లోపల వాళ్ల బస్సుల్లోనే తిప్పుతారు, అయినా నడక బాగానే ఉంటుంది, మెత్తటి చెప్పులు వేసుకోండి.

కానీ నన్నడిగితే సాగర్ పోండి. మన జిల్లాలోనే 274 ఎకరాల్లో బుద్ధవనం ఉంది, 2022 మే 14న తెరిచారు, అదీ థీమ్ పార్కే, కాకపోతే బౌద్ధం మీద కట్టింది. అమరావతి స్తూపాన్ని తలపించే మహాస్తూపం, బుద్ధుడి పూర్వజన్మల జాతక కథలను చెక్కిన జాతకవనం, శ్రీలంకలోని అవుకన బుద్ధుడికి నమూనాగా ఆ దేశం వాళ్లు ఇచ్చిన 27 అడుగుల విగ్రహం ఉన్నాయి. చాలామంది డ్యామ్ గేట్లు చూసి, చేపలు తిని తిరిగొచ్చేస్తారు, దీన్ని చూడకుండా. పొద్దున్నే పోయి చల్లగా ఉన్నప్పుడే తిరగండి, రాతి మీద చెక్కిన కథలను ఒక్కొక్కటి నిలబడి చూడండి, అలిసిపోతే మహాస్తూపం లోపల కాసేపు మాట్లాడకుండా కూర్చోండి. ఓపిక ఉంటే లాంచీలో నాగార్జునకొండ కూడా చూసి రావచ్చు. శుక్రవారం మాత్రం పెట్టుకోకండి, కొండ మీది మ్యూజియానికి ఆ రోజు సెలవు.