మీరడిగారు: పాస్‌పోర్టును బట్టి జీతం, రంగును బట్టి కట్నం

ప్రశ్న: మాది కడప. మా అక్క కువైట్‌లో ఖాదిమ్ వీసా (ఇంటిపనివాళ్ల వీసా) మీద ఒక ఇంట్లో పనికి కుదిరి ఏడేళ్లయింది. అదే ఇంట్లో అదే పని చేసే ఫిలిప్పీన్స్ ఆమెకు జీతం ఎక్కువ. ఎందుకని అడిగితే "మీ దేశమోళ్లకు ఇంతే" అన్నారంట. నా ఫ్రెండేమో "జాతి వివక్ష ఇంకా ఎక్కడుంది రా, అమెరికాకు ఒబామా ప్రెసిడెంట్ అయ్యాడు, బ్రిటన్‌కు రిషి సునాక్ ప్రధాని అయ్యాడు, నువ్వింకా పాత పాటే పాడుతున్నావు" అంటాడు. ఎవరి మాట నిజం?

జవాబు: మీ అక్క మాటే నిజం. ఒబామా గెలిచింది 2008లో. ఆ తర్వాత పన్నెండేళ్లకు, 2020 మే నెలలో, మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద ఒక పోలీసు తొమ్మిది నిమిషాలకు పైగా మోకాలు పెట్టి నొక్కితే ఆయన నడిరోడ్డు మీద ప్రాణం వదిలాడు. కుర్చీలో ఎవరు కూర్చున్నారో చూస్తే వివక్ష దొరకదండీ, రోడ్డు మీద ఎవరికి ఏమైందో, నెలాఖరుకు ఎవరి చేతికి ఎంత వచ్చిందో చూస్తే దొరుకుతుంది.

ఇక గల్ఫ్ సంగతి. మన జిల్లాలో నాలుగిళ్లకు ఒకరు పోయొచ్చిన వాళ్లే కాబట్టి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. వీసా కఫీల్ చేతిలో, అంటే పనికి పెట్టుకున్న స్పాన్సర్ చేతిలో ఉంటుంది. చాలా ఇళ్లలో పాస్‌పోర్టు కూడా వాళ్ల బీరువాలోనే. అలా దాచుకోకూడదని కువైట్ 2015లో ఇంటిపనివాళ్ల కోసం తెచ్చిన చట్టంలోనే ఉంది, బీరువాకు ఆ సంగతి తెలియాలి కదా. పక్కనున్న ఖతార్‌కు 2019లో ఐక్యరాజ్యసమితి తరఫున జాతి వివక్షపై పరిశీలనకు వెళ్లిన టెండాయి అచియుమే అక్కడి పద్ధతికి ఏం పేరు పెట్టిందో తెలుసా? పుట్టిన దేశాన్ని బట్టి నడిచే "కుల వ్యవస్థ" అంది. యూరప్, అమెరికా, అరబ్ దేశాల వాళ్లు పైన, మనలాంటి దక్షిణాసియా వాళ్లూ ఆఫ్రికా వాళ్లూ కింద. ఆమెకు దొరికిన మాట మనదే, చూడండి. 2001లో డర్బన్‌లో ఐక్యరాజ్యసమితి జాతి వివక్ష మీద పెద్ద సభ పెట్టినప్పుడు దళిత సంఘాలు కులం గురించి కూడా మాట్లాడాలని పట్టుబడితే, కులం వేరు జాతి వేరు అని అడ్డం తిరిగింది మన ప్రభుత్వమే.

మన కర్నూలు జిల్లా ఆదోని అమ్మాయి ఒకామె సియాటెల్‌లో చదువుకుంటూ 2023 జనవరిలో రోడ్డు దాటుతుంటే పోలీసు కారు గుద్ది చనిపోయింది, గుర్తుందా? 25 మైళ్ల పరిమితి ఉన్న రోడ్డులో ఆ కారు 74 మైళ్ల వేగంతో వచ్చింది. ఆ తర్వాత ఇంకో పోలీసు అధికారి ఫోన్‌లో నవ్వుతూ, పదకొండు వేల డాలర్లకు చెక్కు రాసిస్తే సరిపోతుంది, ఆమెకు ఉన్న విలువ అంతంతే అన్నాడు. ఒంటి మీదున్న కెమెరాలో అదంతా రికార్డయింది. లాయర్లు ఎలా మాట్లాడతారో ఎగతాళి చేశానంతేనని సర్దుకున్నాడు గానీ, 2024లో ఉద్యోగం పోయింది. అందులో జాతి మాట ఎక్కడుంది అని మీ ఫ్రెండ్ అడుగుతాడు, అడగనీండి. మాట లేదు, నిజమే. కానీ అక్కడే పుట్టి పెరిగిన తెల్లమ్మాయి చనిపోయి ఉంటే ఆ నవ్వు వచ్చేదా అని నాకు ఇప్పటికీ అనుమానమే.

మీకు కోపం రాకుంటే ఇంకొకటి కూడా చెప్తా. పోయిన వేసవిలో మా బంధువుల పిల్లకు పెళ్లిచూపులు, కడపలో ఏడు రోడ్ల దగ్గరే వాళ్లిల్లు. పిల్ల ఎంఎస్సీ, చామనఛాయ. టీ తాగి గ్లాసు కింద పెడుతూ పెళ్లికొడుకు వాళ్లమ్మ "పిల్ల బాగుంది, రంగే కొంచెం తక్కువ, ఇంకో రెండు లక్షలు చూసుకోండి" అంది, కూరగాయల బండి దగ్గర బేరమాడినంత మామూలుగా. పక్కనుంచి ఎవరో పెద్దాయన "నలుపు నారాయణుడు మెచ్చు" అన్నాడు. మెచ్చేది నారాయణుడు, ఇచ్చేది మాత్రం పిల్ల తండ్రి. నల్లగా నిగనిగలాడే కడప బండను ముచ్చటపడి వంటింట్లో వేయించుకునే ఊరండీ ఇది! ఆ పెళ్లికొడుకు చేసేది కూడా కువైట్‌లోనే. అక్కడ అతనికి తక్కువ కట్టిన రేటే ఇక్కడ వాళ్లమ్మ ఆ పిల్లకు కట్టింది. ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరులో ఫెయిర్ తీసేసి గ్లో పెట్టుకుంది, మన పెళ్లి ప్రకటనల్లో "తెల్లని" అనే మాట అలాగే ఉంది.

మీ అక్కకు మాత్రం ఒక మాట చెప్పండి. కాంట్రాక్టు కాగితం ఫోటో తీసి మీకు పంపమనండి, జీతం బ్యాంకులో పడేట్టు చూసుకోమనండి. ఎగ్గొడితే ఇండియన్ ఎంబసీలో ఫిర్యాదు చేయడానికి అవే ఆధారం.

ప్రశ్న: నేను అనంతపురంలో ఇంజనీరింగ్ చదువుతున్నా. మా క్లాసులో ఒకడిని అందరం "నేపాలీ", "చింకీ" అని పిలుస్తాం, వాడూ నవ్వుతాడు. మొన్న ఒక మేడమ్ చాలా సీరియస్ అయ్యారు. ఫ్రెండ్స్ మధ్య ఇది కూడా తప్పేనా?

జవాబు: వాడు నవ్వుతాడు సరే, ఒక్కడు యాభై మంది మధ్యలో ఉంటే నవ్వక ఏం చేస్తాడు బాబూ? 2014లో ఢిల్లీ లజ్‌పత్ నగర్‌లో ఒక షాపులో అరుణాచల్ కుర్రాడి జుట్టును చూసి ఎగతాళి చేయడంతోనే గొడవ మొదలైంది, దెబ్బలు తిన్న ఆ పిల్లాడు మర్నాటికి లేడు. ఈశాన్య రాష్ట్రాల ఎస్టీలను "చింకీ" అని అవమానిస్తే ఎస్సీ ఎస్టీ చట్టం కింద కేసు పెట్టమని కేంద్ర హోంశాఖ 2012లోనే రాష్ట్రాలకు చెప్పింది. మేడమ్ తిట్టి వదిలేసింది, సంతోషించు.

అన్నట్టు నీ లెటర్ రెండుసార్లు చదివాను. వాడిది ఏ రాష్ట్రమో, పేరేమిటో ఎక్కడా రాయలేదు నువ్వు.