46లో పార్ట్‌నర్‌షిప్: సంతకానికి ముందు చూడాల్సిన లెక్క

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. బెంగళూరులో ఒక కన్సల్టింగ్ సంస్థలో పదకొండేళ్లుగా చేస్తున్నాను, ఇప్పుడు డైరెక్టర్‌ని. రెండేళ్లలో పార్ట్‌నర్‌ని చేస్తామంటున్నారు. ఇంటి లోన్ ఇంకా ఏడేళ్లుంది, పాప సెకండ్ పీయూసీ (ఇంటర్ రెండో ఏడాది). మావారు "ఇప్పుడెందుకీ తలనొప్పి" అంటున్నారు. ఒప్పుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి

జవాబు: ఇస్తామంటున్నది పేరా, వాటానా? ముందు అది తేల్చుకోండి. పేరు మాత్రమే అయితే జీతం, పీఎఫ్ ఇప్పటిలాగే సాగుతాయి, టార్గెట్ పెరుగుతుంది, అంతే. ఎల్‌ఎల్‌పీలో (పరిమిత బాధ్యత గల భాగస్వామ్య సంస్థలో) వాటా అయితే మీరిక ఉద్యోగి కారు. పీఎఫ్ జమ ఆగిపోతుంది, గ్రాట్యుటీ లెక్క అక్కడితో సరి. బేసిక్ 2 లక్షలనుకుంటే పదకొండేళ్లకు సుమారు 12.7 లక్షలు వస్తాయి. రాజీనామా ఇచ్చినప్పుడే అడిగి తీసుకోండి.

వాటా కోసం మీరు పెట్టాల్సిన పెట్టుబడికి సంస్థ బ్యాంకుతో మాట్లాడి పెట్టినా అప్పు మీ పేరునే ఉంటుంది. 50 లక్షలు, 10 శాతం వడ్డీ, ఐదేళ్లయితే ఈఎంఐ 1,06,000 పైమాటే. ఇదీ, ఇంటి ఈఎంఐ పోగా సంస్థ నెలనెలా ముందుగా ఇచ్చే సొమ్ము (డ్రాయింగ్స్)లో ఎంత మిగులుతుందో చూడండి. ఏడాది చివరి లాభాన్ని ఇందులో కలపొద్దు. పార్ట్‌నర్లకు ఇంతొస్తుందని క్యాంటీన్‌లో చెప్పుకునేది అన్నీ కలిపిన అంకె.

మొదటి ఏడాది చాలామంది దెబ్బతినేది పన్ను దగ్గరే. లాభంలో వాటాపై పన్ను సంస్థే కట్టేస్తుంది, మీకు ఉండదు. రెమ్యునరేషన్, పెట్టుబడిపై వడ్డీ మాత్రం మీ వ్యాపార ఆదాయం. 2025 ఏప్రిల్ నుంచి వీటిపై టీడీఎస్ కోస్తున్నారు గానీ అది 10 శాతమే; మీ శ్లాబు 30. మిగతాది జూన్, సెప్టెంబర్, డిసెంబర్, మార్చి 15లోగా అడ్వాన్స్ ట్యాక్స్‌గా మీరే కట్టాలి. ఖాతాలో ఉంది కదా అని పాప ఫీజుకు వాడేస్తే, తర్వాత నెలకు 1 శాతం వడ్డీతో కట్టాల్సివస్తుంది. వేరే ఖాతా తెరిచి ప్రతి డ్రాయింగ్‌లో మూడో వంతు అందులో వేసేయండి.

ఇవన్నీ సర్దుకోగలిగినవే. సర్దుకోలేనిది క్లయింట్ల సంగతి. గత మూడేళ్ల ఆర్డర్లు ముందు పెట్టుకుని, క్లయింట్ మొదటి ఫోన్ మీకు చేసినవి వేరు చేయండి. మరో పార్ట్‌నర్ తెచ్చిన పనిని మీరు చేసిపెట్టినవి లెక్కలోకి రావు. బెంగళూరులో ఇంకో చిక్కుంది. జీసీసీల్లో (విదేశీ కంపెనీలు ఇక్కడ నడిపే సొంత ఆఫీసుల్లో) పని మెచ్చుకునేది ఇక్కడి మేనేజరే, పెద్ద ఆర్డర్‌పై సంతకం మాత్రం చాలాసార్లు విదేశీ హెడ్డాఫీసుది. ఆ పరిచయం మీకుందా? మీ పేరు ముందుకు తోస్తున్న పార్ట్‌నర్ ఈ రెండేళ్లలో రిటైరవుతున్నారేమో కూడా కనుక్కోండి. ఆయన వెళ్లిపోతే మీ ఫైలును పట్టించుకునే నాథుడుండడు. మీ సొంత క్లయింట్లు ముగ్గురు కూడా తేలకపోతే డైరెక్టర్‌గానే ఉండిపొమ్మంటాం.

తేలితే, ఒప్పందం డ్రాఫ్ట్ ఇప్పుడే అడగండి. రిటైర్మెంట్ 58 అని ఉంటే 48లో చేరే మీకు పదేళ్లే. అందులో ఐదేళ్లు ఈఎంఐలకే. మానేస్తే పెట్టుబడి ఎన్ని వాయిదాల్లో తిరిగిస్తారు, ఎన్నాళ్లు పోటీ సంస్థలో చేరకూడదు అన్న రెండు క్లాజులు సీఏతో చదివించుకోండి. ఆ రోజు మీవారు రానన్నా వెంటబెట్టుకెళ్లమని మీకు మా సలహా. ఆయన అడిగే ప్రశ్నలు మీకు తట్టనివై ఉంటాయి.