నడిసముద్రంలో తేలే ఊరికి ముందు నీటి లెక్క తేల్చుకోండి

ఐదు వేల మంది నివసించే తేలియాడే ఊరిని నడిసముద్రంలో, పర్యావరణానికి హాని లేకుండా నిర్మించాలంటే రూపకల్పన ఎక్కడ మొదలుపెట్టాలని మీరు అడిగారు. వేదికల ఆకారం కంటే ముందు మంచినీటి లెక్క తేల్చుకోవాలన్నది నా దృఢాభిప్రాయం. మా కడప జిల్లా నుంచి కువైట్ వెళ్లిన ఎందరిలాగో నేనూ కొన్నేళ్లు అక్కడ, సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే కర్మాగారంలో పనిచేశాను; ఇప్పుడు కడపలో ఆర్వో ప్లాంట్ల నిర్వహణ చూస్తున్నాను.

మా బోరు నీటిలో లీటరుకు ఒకటి రెండు గ్రాముల లవణాలుంటేనే తాగలేమంటాం. సముద్రపు నీటిలో అవి సుమారు 35 గ్రాములు. ఆ నీటిని మెంబ్రేన్ (ఉప్పును ఆపి నీటిని మాత్రమే పోనిచ్చే పలుచని పొర) గుండా నెట్టడానికి 55 నుంచి 70 బార్ల ఒత్తిడి (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత), వెయ్యి లీటర్ల మంచినీటికి 3 నుంచి 4 యూనిట్ల కరెంటు అవసరమవుతాయి. మనిషికి రోజుకు 100 లీటర్ల చొప్పున మీ ఊరికి 5 లక్షల లీటర్లు, అంటే దాదాపు 2,000 యూనిట్లు కావాలి; ఇది సౌరవిద్యుత్తుతోనే రావాలంటే ఎకరానికి మించిన స్థలాన్ని కేవలం నీటి కోసమే పలకలకు కేటాయించాలి.

అసలు కష్టం నిర్వహణలో ఉంది. కువైట్‌లో మెంబ్రేన్‌కు ముందుండే ఐదు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కార్ట్రిడ్జ్ ఫిల్టర్లు బిగించేటప్పుడు తెల్లగా ఉండేవి. సముద్రంలో నాచు పెరిగిన రోజుల్లో విప్పి చూస్తే గోధుమరంగు జిగురు పట్టి, వేలితో గీస్తే ముద్దగా ఊడివచ్చేది. 2008-09లో సూక్ష్మ శైవలాలు (కంటికి కనబడనంత చిన్న నాచు) విపరీతంగా పెరిగి నీరు ఎర్రబారినప్పుడు గల్ఫ్ తీరంలో కొన్ని కర్మాగారాలను ఆపివేయవలసి వచ్చింది. తీరంలో ఉన్నవారికి ట్యాంకర్లైనా వస్తాయి; వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరికి ఒక విడిభాగం చేరడానికే వారాలు పట్టవచ్చు. కాబట్టి ఒకే పెద్ద ప్లాంటు కాకుండా మూడు చిన్నవి పెట్టి, ఏ రెండు నడిచినా ఊరికి సరిపోయేలా చూడండి.

తోడిన నీటిలో సుమారు 40 శాతమే మంచినీరవుతుంది. మిగిలినది మరింత ఉప్పదనంతో వెనక్కు పోతుంది. దాన్ని చేపలు పెంచే వలల పక్కన గాని, నీరు తోడే గొట్టం పక్కన గాని వదలకూడదు. ప్రవాహం దిశ మారుతుంది కనుక వదిలే చోట్లు కనీసం రెండు ఉండాలి.

నడిసముద్రానికి ఉన్న వరం లోతు. లక్షద్వీప్‌లోని కవరత్తిలో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ 2005లో నెలకొల్పిన ప్లాంటు రోజుకు లక్ష లీటర్ల సామర్థ్యం గలది. పైనుండే వెచ్చని నీటిని తక్కువ పీడనంలో ఆవిరి చేసి, లోతు నుంచి తోడిన చల్లని నీటితో ఆ ఆవిరిని తిరిగి నీరుగా మారుస్తారు. మెంబ్రేన్లతో పనే లేదు. 2007లో ఇదే పద్ధతిని చెన్నై తీరానికి దూరంగా బార్జి (చదునైన అడుగున్న పెద్ద పడవ) పైనా పరీక్షించారు. ఉష్ణమండల సముద్రంలో కట్టేటట్లయితే దీన్నే ప్రధానంగా ఎంచుకోమంటాను. అలలకు ఊగే వేదిక నుంచి వేలాడే పొడవాటి గొట్టమే దీని బలహీనత. మీ ఇంజనీర్ల శ్రమలో ఎక్కువ భాగం దాని అతుకు దగ్గరే ఖర్చవుతుంది.

2022లో ఐక్యరాజ్యసమితిలో ప్రదర్శించిన, దక్షిణ కొరియాలోని బుసాన్ కోసం రూపొందించిన తేలియాడే నగరం నమూనా తీరాన్ని ఆనుకొని ఉండేది కనుక, దాన్ని నడిసముద్రానికి యథాతథంగా తీసుకోకండి.

ఇక నిల్వ. ఎండాకాలంలో ట్యాంకరు కోసం బిందెలు వరుసపెట్టి ఎదురుచూసిన రాయలసీమవాణ్ణి కనుక, కనీసం పదిహేను రోజుల నీరు చేతిలో ఉండాలంటాను. మీ ఊరికి అది 75 లక్షల లీటర్లు, 7,500 టన్నుల బరువు. ఆ బరువు వేదిక అడుగున ఉంటే నిలకడ పెరుగుతుంది. కాని సగం నిండిన పెద్ద తొట్టిలో నీరు ఒక పక్కకు చేరి వేదికను మరింత ఒరిగిస్తుంది కాబట్టి, తొట్టిని చిన్న చిన్న గదులుగా విభజించి, ఒకటి పూర్తిగా ఖాళీ అయ్యాకే మరొకటి తెరిచేలా కట్టించండి.