బెంగళూరులో జేసీబీ ఆపరేటర్‌గా నిలదొక్కుకోవచ్చా?

ఐటీఐ చదివానని, ఊళ్లో మామయ్య జేసీబీ మీద కాస్త చెయ్యి తిరిగిందని, బెంగళూరు వస్తే ఆపరేటర్ పని దొరుకుతుందా, డబ్బు కట్టి శిక్షణ తీసుకోవాలా అని అడిగావు. పని దొరుకుతుంది తమ్ముడూ. నాదీ అనంతపురం వైపే. చాలా ఏళ్లుగా వైట్‌ఫీల్డ్, సర్జాపుర రోడ్డు ప్రాంతాల్లో బండి నడుపుతున్నాను. కానీ చెరువులో పూడిక తీయడం వేరు, నాలుగు ఇళ్ల మధ్య పునాది తవ్వడం వేరు.

లివర్లు కొన్ని నెలల్లో ఎవరికైనా అలవాటవుతాయి. చైన్ బండి, అంటే గొలుసు పట్టాల మీద నడిచే ఎక్స్‌కవేటర్ ఎక్కితే, సాధారణంగా ఎడమ జాయ్‌స్టిక్‌తో బండి పైభాగం తిరుగుతుంది, బూమ్ అనే పెద్ద చేతి చివర ఉండే చిన్న చెయ్యి చాచుకుంటుంది, ముడుచుకుంటుంది. బూమ్, బకెట్ కుడి చేతివి. అంతవరకే వచ్చినవాళ్లు ఈ ఊళ్లో కావలసినంత మంది ఉన్నారు. ఓనరు ఫోను చేసి మళ్లీ పిలిచేది నేల తీరు తెలిసినవాడినే.

ఇక్కడ పైన ఎర్రమట్టి, కింద బండ. లాల్‌బాగ్‌లో బయటికి కనిపించే ఆ గుట్ట వయసు సుమారు 300 కోట్ల ఏళ్లంటారు. రెండు బేస్‌మెంట్లు తవ్వాలంటే చాలా చోట్ల అదే జాతి రాయి అడ్డుపడుతుంది. చుట్టూ ఇళ్లుంటే మందు పెట్టి పేల్చనివ్వరు, బకెట్ విప్పి రాయి పగలగొట్టే బ్రేకర్ తగిలించాల్సిందే. దాని ఉలి రాతికి నిటారుగా ఆనాలి. పగలకపోతే చోటు మార్చాలి తప్ప అక్కడే అదేపనిగా కొట్టకూడదు. ఉలిని గునపంలా పెట్టి రాయి పెకలించబోతే విరిగేది ఉలే, ఆ ఖర్చు గురించి ఓనరు మాట్లాడే మాటలు వినాల్సింది నువ్వే.

బండ కన్నా నాకు భయం పూడ్చిన చెరువులంటే. మెజెస్టిక్ బస్‌స్టాండు ఉన్నది ధర్మాంబుధి చెరువు చోట, కంఠీరవ స్టేడియం ఉన్నది సంపంగి చెరువు చోట. పేరు కూడా మిగలని కుంటల మీద లేచిన లేఅవుట్లకైతే లెక్కే లేదు. బకెట్‌లో నల్లటి బురదమట్టి వచ్చిందంటే గోడలు ఎప్పుడైనా జారతాయి. ఒకటిన్నర మీటరు దాటిన గుంతలో పక్కలకు ఆసరా కట్టకుండా, కనీసం వాలుగా కోయకుండా మనిషిని దించకూడదు. ఘనమీటరు మట్టి టన్నున్నర పైనే తూగుతుంది. నడుము దాకా కూరుకున్నవాడిని లాగడం కూడా సాధ్యం కాదు. తీసిన మట్టిని గుంత అంచున పోయమని మేస్త్రీ తొందరపెట్టినా పోయవద్దు. రోడ్డు పక్కన తవ్వేటప్పుడు ముందు పారతో తవ్వి చూపించమను, కరెంటు కేబుల్, నీటి పైపు ఎక్కడున్నాయో కాగితం ఒకటి చెబుతుంది, నేల మరొకటి చెబుతుంది.

డబ్బు విషయం. నెల జీతం, రోజు బత్తా వేరువేరుగా మాట్లాడుకో. ఓనరుకు అద్దె వచ్చేది గంటల మీటరును బట్టి, కాబట్టి బండి ఖాళీగా ఆగిన రోజు నీ బత్తా సంగతేమిటో ముందే తేల్చుకోవాలి. పగటిపూట టిప్పర్లను ఊళ్లోకి ఎప్పుడంటే అప్పుడు రానివ్వరు, మట్టి తరలించే పని తరచూ రాత్రికి పడుతుంది. రాత్రి పనికి అదనంగా ఎంతో కూడా అప్పుడే అడుగు. సిగ్గుపడితే నష్టం నీకే.

శిక్షణకు అప్పు చేయవద్దు. హెల్పర్‌గా చేరి రోజూ పిన్నులకు గ్రీజు కొట్టు, ఫిల్టర్లు మార్చడం చూడు. బండి శబ్దం మారితే ఏమైందో చెప్పగలిగిన రోజున సీటు దానంతటదే వస్తుంది. పెద్ద కంపెనీ సైట్లలో సర్టిఫికెట్ అడుగుతారు, అది చేతికి పని వచ్చాక తెచ్చుకోవచ్చు. జేసీబీ రోడ్డెక్కాలంటే మాత్రం లైసెన్సు మొదటి రోజు నుంచే ఉండాలి.

ఇంకొకటి, చాలామంది వదిలేసేది. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం కింద ఏర్పడిన సంక్షేమ బోర్డు ఉంది. 18 నుంచి 60 ఏళ్ల లోపువాళ్లు, ఏడాదిలో 90 రోజులు పని చేసినట్లు చూపితే పేరు నమోదు చేసుకోవచ్చు. ఆంధ్ర ఆధార్ చూసి ఎవరైనా కుదరదంటే నమ్మకు, అడ్డు కాదు.

వచ్చేదేదో జనవరిలో రా. సెప్టెంబరు, అక్టోబరు వానలకు గుంతల్లో నీళ్లు నిలిచి బండ్లు పడుకుంటాయి, ఉన్న ఆపరేటర్లకే పని ఉండదు.