పల్సర్‌కు లైట్లు పెట్టుకునే ముందు: అల్లుడికి మామ రాసేది

అల్లుడూ,

మీ అమ్మ ఫోన్‌ల చెప్పింది, పల్సర్‌కు ఫాగ్ లైట్లు తెప్పించినవట, ఆదివారం నువ్వే బిగించుకుంటవట. బిగించుకో. రైస్ మిల్లుల డ్యూటీ దిగి రాత్రిపూట మిర్యాలగూడ నుంచి హాలియా దాకా వచ్చేటోనికి లైటు కావాల్సిందే. కోతల టైముల సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, సుట్టూ రాళ్లు పేర్చి, మీద నల్ల పట్టా కప్పి పోతరు. ఎనక లైటు లేని ట్రాక్టర్ల సంగతి సరేసరి. నేను ఇన్నేండ్లు ట్రాక్టర్లకు, లారీలకు వైరింగ్ చేసినోణ్ణి కాబట్టి చెప్తున్న, ఇది చదివినంకనే పానా పట్టు.

అన్నిటికంటె ముందు, హెడ్‌లైట్ వైరు కోసి దానికే ఈ లైట్లు కలపకు. పని తొందరగ అయితదని శానామంది అట్లనే చేసి పంపిస్తరు. ఆ వైరు, హ్యాండిల్ మీది ఆ స్విచ్చు కంపెనీ బల్బుకు లెక్కగట్టి పెట్టినయి. మీద ఇంకో లోడ్ పడితే స్విచ్చు లోపలి పాయింట్లు కాలుతయి, వైర్లు కలిపే ప్లాస్టిక్ కప్లర్ మెత్తబడ్తది. ఒకనాడు నడిరోడ్డు మీద ఉన్న హెడ్‌లైటు కూడ పోతది. కొత్త లైట్ల కరెంటు సీదా బ్యాటరీ నుంచే రావాలె, మధ్యల ఫ్యూజు, రిలే ఉండాలె. రిలే అంటే చిన్న కరెంటుతోని పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్చు డబ్బా.

లోడ్ లెక్క సూసుకో. ఒక్కోటి 20 వాట్లవి రెండు ఎల్ఈడీలంటే 40 వాట్లు. 12 వోల్టులతోని భాగిస్తే 3.3 ఆంపియర్లు. దీనికి 5 ఆంపియర్ల ఫ్యూజు సాలు. అదే ఎవడన్న 55 వాట్ల హాలోజన్లు రెండు అంటగడ్తే 9 ఆంపియర్లు దాటుతది. స్ప్లెండర్ లాంటి బండ్లల్ల ఉండేది 3 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ, అది అరగంట సుత నిలవదు. డబ్బా మీద రాసిన వాట్లు నమ్మకు. 120 అని అచ్చేసిన లైటు మీటర్ పెడితే 15 కూడ సూపియ్యదు. మల్టీమీటర్‌ను 10 ఆంపియర్ల రేంజ్‌ల పెట్టి, లైటుకు పోయే వైరు నడుమ వరుసల (సిరీస్‌ల) కలిపి, అది ఎంత గుంజుతున్నదో సూడు. దాన్ని 12తోని గుణిస్తే అసలు వాట్లు తెలుస్తయి.

పని మొదలువెట్టేటప్పుడు బ్యాటరీ నెగెటివ్ ముందు ఇప్పు, అంతా అయినంక ఆఖరుకు బిగించు. పాజిటివ్ ముందు ఇప్పవోతే పానా జారి చాసిస్‌కు తాకిందంటే నిప్పులు లేస్తయి. ఫ్యూజు బ్యాటరీ పాజిటివ్ కాడికెంచి జానెడు లోపలనే ఉండాలె. లైట్ల పక్కన పెడితే లాభం లేదు. బ్యాటరీకి, ఫ్యూజుకు నడుమ ఉన్న వైరు ఎక్కడ గీసుకపోయినా దాన్ని కాపాడేటిది ఏం ఉండదు. వైరు సన్న పోగులది, 1.5 ఎంఎం తీసుకో. ఒకే తీగ ఉండే ఇంటి వైరు బండి అదురుకు లోపల్నే ఇరుగుతది, పైనుంచి సూస్తే మంచిగనే కనపడ్తది.

ఇగ రిలే. దాని కాళ్ల పక్కన నంబర్లు అచ్చేసి ఉంటయి. 30కి ఫ్యూజు నుంచి వచ్చే వైరు, 87 నుంచి లైట్లకు, 85 ఎర్త్‌కు, 86కు స్విచ్చు నుంచి వచ్చే వైరు. ఐదు కాళ్ల రిలే ఇస్తే నడిమి కాలు దగ్గరకు పెట్టి సూడు. 87ఏ అని ఉంటే దాన్ని ముట్టుకోకు. అది రిలే బంద్ ఉన్నప్పుడే కరెంటు ఇచ్చే కాలు. దానికి లైటు కలిపితే తాళం తీసి ఇంట్ల పండుకున్నా లైట్లు ఎలుగుతనే ఉంటయి, పొద్దుగాల సెల్ఫ్ కొట్టదు.

86కు కరెంటు ఎక్కడికెంచి తెస్తవన్నది అసలు ముచ్చట. నా మాటింటే హై బీమ్ వైరు నుంచి తీసుకో, నడుమ హ్యాండిల్ మీద చిన్న స్విచ్చు పెట్టుకో. ఎదురుంగ బండి వచ్చినప్పుడు డిమ్ కొడ్తవు కదా, దాంతోనే ఈ లైట్లు కూడ వాటంతటవే ఆరిపోతయి. ఎదుటోని కండ్లు కొట్టి వాడు కాల్వల పడితే మనకేమొస్తది? రిలే కాయిల్ గుంజేది చాల కొద్ది, 0.15 ఆంపియర్లు, కాబట్టి కంపెనీ వైరుకు బరువు పడదు. ఇక్కడ కూడ వైరు కొయ్యొద్దు. పైతోలు కొంచెం గీకి, పోగులు సుట్టి, టంకం పెట్టి టేపెయ్యి. అయితే ఒకటి పరీక్ష చెయ్యి. రేస్ ఇస్తే హెడ్‌లైటు పెరిగి, ఐడ్లింగ్‌ల తగ్గుతున్నదంటే అది ఇంజన్‌ల కరెంటు పుట్టించే కాయిల్ నుంచి సీదా వచ్చే ఏసీ కరెంటు, పాత బండ్లల్ల ఉంటది. ఏసీ మీద ఈ రిలే టకటకా కొట్టుకుంటది. అట్లయితే తాళం వేస్తేనే కరెంటొచ్చే డీసీ వైరు పట్టుకోవాలె, డిమ్ కొట్టినప్పుడల్ల స్విచ్చు చేతితోనే ఆపుకోవాలె.

ఎర్త్ వైరు చాసిస్ బోల్టుకు బిగించకు, పెయింటు, తుప్పు నడుమ అడ్డమైతయి. బ్యాటరీ నెగెటివ్ దాకా తెచ్చుకో. వైర్లు ట్యాంక్ కింద నలగకుండ, ఇంజన్ హెడ్‌కు తాకకుండ కట్టు. హ్యాండిల్ కాడ వదులు ఇడువు. కట్టినంక హ్యాండిల్ ఆ కొస నుంచి ఈ కొస దాకా తిప్పి, ఎక్కడన్న వైరు గుంజుకుంటున్నదా సూడు.

లైట్లు లెగ్ గార్డ్‌కు కిందికే పెట్టు. పొగమంచుల, లారీ ఎనక దుమ్ముల పైన పెట్టిన లైటు తిరిగి మన కండ్లల్లనే కొడ్తది. మోటారు వాహనాల నిబంధనలు 1989ల 106వది ఉన్నది: 8 మీటర్ల దూరంల, భూమికి 1.5 మీటర్ల ఎత్తుల ఉన్న మనిషి కంటికి మన లైటు గుచ్చుకోవద్దు. స్కూలు గోడకు 8 మీటర్ల దూరంల బండి నిలబెట్టి, నువ్వు ఎక్కి కూసో. గోడ మీద ఎలుగు పై అంచు లైటు ఎత్తుకు జానెడు కిందికి ఉండాలె. ఎడమ లైటును కొంచెం ఎడమకు తిప్పు, నీకు కావాల్సింది రోడ్డు అంచు, రాళ్లు, బర్రెలు.

ఆఖరుకు ఇంజన్ నడిపించి, కొంచెం రేస్‌ల పెట్టి, అన్ని లైట్లు వేసి బ్యాటరీ మీద మీటర్ పెట్టు. 13.5 వోల్టులు, ఆపైన ఉంటే చార్జింగ్ సరిపోతున్నట్టు. 13 కిందికి జారుతుంటే లోడ్ ఎక్కువైనట్టు, ఒక్క లైటు తీసెయ్యాలె. మిర్యాలగూడ దాకా ఒకసారి పోయొచ్చి, ఫ్యూజు హోల్డర్ మీద, జాయింట్ల మీద చెయ్యి పెట్టి సూడు. ఎక్కడ వేడి తగిలితే అక్కడ పట్టు వదులున్నట్టు, మళ్ల చెయ్యి.

నీకు మీటర్ లేకుంటే నాది దేవరకొండ నుంచి వచ్చే ఎవరితోనన్న పంపిస్త. వాపస్ పంపేటప్పుడు బ్యాటరీ తీసి పంపు, పోయినసారి మీ తమ్ముడు అట్లనే ఇడిస్తే కారి లోపలంతా పాసిపట్టింది.

మీ మామ